రెండో కాగితాన్ని ఆపడమే అసలు పని

80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) ఏ4 కాగితం ఒక్కటి తూస్తే దాదాపు 5 గ్రాములు ఉంటుంది. మందం మిల్లీమీటరులో పదో వంతు. 500 కాగితాల రీము మొత్తం ట్రేలో పెడితే ఐదు సెంటీమీటర్ల దొంతర అవుతుంది. ప్రింట్ కొట్టగానే ఆ దొంతరలోంచి ఒకే ఒక్క కాగితం, పక్కకు వాలకుండా, అనుకున్న క్షణానికి లోపలికి వెళ్లాలి. రెండు కలిసి వెళ్తే లోపల ఎక్కడో ఇరుక్కుంటాయి, లేదా పేజీల మధ్యలో ఒక తెల్లకాగితం బయటికొస్తుంది. ఒక్కటీ వెళ్లకపోతే పని ఆగిపోతుంది. లేజర్ ప్రింటర్‌లో గిర్రున తిరిగే అద్దం మీద నుంచి వచ్చే కాంతి కిరణం ఉంది, విద్యుదావేశంతో టోనర్ పొడిని అంటించుకునే డ్రమ్ము ఉంది, 200 డిగ్రీల దగ్గరిదాకా వేడెక్కి ఆ పొడిని కాగితానికి అతికించే ఫ్యూజర్ ఉంది. ఇంత క్లిష్టమైన భాగాలు ఏళ్ల తరబడి సక్రమంగానే పనిచేస్తుంటాయి. మీసేవ కేంద్రం నుంచో, జిరాక్స్ షాపు నుంచో మెకానిక్‌కు తరచూ ఫోన్ వెళ్లేది మాత్రం బొటనవేలంత రబ్బరు రోలర్ గురించి.

కాగితాన్ని లాగడానికి రబ్బరు చాలు కదా అనిపిస్తుంది. నిజమే, లాగడానికి చాలు. కష్టమంతా దాని కిందనున్న కాగితం వెంటపడి రాకుండా చూడటంలో ఉంది. బ్యాంకులో క్యాషియర్ నోట్లు లెక్కపెట్టేటప్పుడు తడి స్పాంజికి వేలు అద్దుకోవడం అందరూ చూసే ఉంటారు. ఆ వేలు నోటును లాగుతుంది. రెండో చెయ్యి చేసే పనిని ఎవరూ పెద్దగా గమనించరు. అది మిగతా కట్టను అదిమి పట్టుకుంటుంది. ప్రింటర్‌కూ ఈ రెండు చేతులూ కావాలి. లాగే చెయ్యి ఎక్కువ ప్రింటర్లలో ఒకటే, రబ్బరు రోలర్. ఒక్కో తరం ప్రింటర్లలో మారుతూ వచ్చింది ఆపే చెయ్యి.

ఆపడం ఎందుకంత కష్టమో ఒక చిన్న లెక్కతో తేలుతుంది. దొంతర మీద రోలర్ 200 గ్రాముల బరువుతో నొక్కుతోందనుకుందాం. రబ్బరుకూ కాగితానికీ మధ్య ఘర్షణ గుణకం 1.2 అనుకుందాం. అంటే నొక్కిన ప్రతి 100 గ్రాములకూ 120 గ్రాముల పట్టు దొరుకుతుంది. పై కాగితం మీద పడే లాగుడు 240 గ్రాములు. కాగితానికీ కాగితానికీ మధ్య పట్టు ఇంతకంటే చాలా తక్కువ, గుణకం 0.5 అనుకుంటే సరిపోతుంది. పై కాగితం కదులుతూ రెండోదాన్ని తనతో లాక్కెళ్లగల బలం, రోలర్ 200, పై కాగితం 5 కలిపి 205 గ్రాములలో సగం, అంటే 102.5. ఆ రెండోదాన్ని కిందనున్న మూడో కాగితం ఆపగల బలం, రెండోదాని బరువు 5 కూడా కలిపితే వచ్చే 210లో సగం, అంటే 105. ఆపే బలమే ఎక్కువ కాబట్టి రెండోది కదలకూడదు. కాగితం మీద లెక్క ప్రకారం ప్రతిసారీ ఒక్కటే వెళ్లాలి.

కానీ తేడా చూడండి. రెండున్నర గ్రాములు. ఒక కాగితం బరువులో సగం. పైనున్న రెండు కాగితాల మధ్య పట్టు, వాటి కింది జత పట్టుకంటే వందకు మూడు పాళ్లు ఎక్కువైతే చాలు, రెండోది కదిలిపోతుంది. పోనీ రోలర్‌ను ఇంకా గట్టిగా నొక్కిస్తే? 400 గ్రాములకు పెంచితే లాక్కెళ్లే బలం 202.5, ఆపే బలం 205. తేడా మళ్లీ అదే రెండున్నర గ్రాములు. పైగా ఇప్పుడు వందకు ఒకటిన్నర పాళ్ల తేడా వచ్చినా రెండో కాగితం వచ్చేస్తుంది. గట్టిగా నొక్కితే పట్టు బాగుంటుందన్న మామూలు తెలివి ఇక్కడ పనికిరాదు. స్ప్రింగు కింద అట్టముక్క పెట్టి బిగించే చిట్కా కొన్నాళ్లు పనిచేసినట్టే పనిచేసి, తర్వాత రెండేసి కాగితాలు లాగడం మొదలుపెట్టడానికి కారణం ఇదే.

వందకు మూడు పాళ్ల తేడా ఒకే రీములో మామూలుగా ఉండేదే. కోతలో ఒక అంచు కాస్త గరుకుగా తేలవచ్చు. పైనున్న నాలుగు కాగితాలు గాలిలోని తేమ పీల్చి ఉండవచ్చు. ఏసీ గదిలో, పొడి గాలికి, స్థిరవిద్యుత్తు పుట్టి రెండు కాగితాలు అంటుకుని ఉండవచ్చు. కాబట్టి దొంతర తనంతట తనే రెండోదాన్ని ఆపుకుంటుందని నమ్మి ప్రింటర్ తయారు చేయలేరు. ఆపడానికి వేరే ఏర్పాటు ఉండాల్సిందే.

పాత లేజర్ ప్రింటర్ల, జిరాక్స్ మిషన్ల ట్రేలు చూసినవాళ్లకు ముందువైపు రెండు మూలల్లో చిన్న రేకు ముక్కలు గుర్తుండే ఉంటాయి. కాగితాల మూలలు వాటి కింద ఉండేలా కట్టను సర్దేవారు. రోలర్ తిరిగినప్పుడు పై కాగితం ముందుకు జరుగుతుంది, కానీ మూలలు రేకు కింద చిక్కి ఉంటాయి. దాంతో కాగితం మధ్యలో కొంచెం ఉబ్బి, ఆ ఉబ్బు పెరిగి, చివరికి మూలలు రేకు పైకి టక్కున తన్నుకొస్తాయి. రెండో కాగితానికి అంత తోపు అందదు కాబట్టి దాని మూలలు కిందే ఉండిపోతాయి. చాలా చవకైన, అందమైన ఉపాయం. అయితే ఇది కాగితం బిగువు మీద ఆధారపడింది. మందపాటి పెళ్లిపత్రిక కార్డు అలా ఉబ్బదు. పల్చటి కాగితం ఉబ్బి అక్కడే మడత పడిపోతుంది. ఆఫీసులో ఒకే రకం కాగితం వాడినంత కాలం దీనికి తిరుగులేదు. రకరకాల కాగితాలు వాడటం మొదలయ్యాక వేరే దారి వెతకాల్సి వచ్చింది.

ఆ దారే సెపరేషన్ ప్యాడ్. ఇప్పటి చిన్న ప్రింటర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. రోలర్‌కు సరిగ్గా కింద, స్ప్రింగు మీద నిలబెట్టిన చిన్న రబ్బరు లేదా కార్కు లాంటి పదార్థపు ముక్క. దాని గుణకం రబ్బరు రోలర్ కంటే తక్కువగా, కాగితం కంటే ఎక్కువగా ఉండేలా చూసి ఎంచుకుంటారు. పై లెక్కలోకి దీన్ని తెచ్చి, 0.8 అనుకుందాం. రోలర్‌కూ ప్యాడ్‌కూ మధ్య ఒక్క కాగితమే ఉంటే పైనుంచి రోలర్ 1.2తో లాగుతుంది, కింద నుంచి ప్యాడ్ 0.8తో ఆపుతుంది. లాగుడు గెలుస్తుంది, కాగితం వెళ్తుంది. రెండు కాగితాలు వస్తే పైది రోలర్‌తో వెళ్తుంది. కిందిదాన్ని పై కాగితం 0.5తో మాత్రమే లాగగలదు, ప్యాడ్ 0.8తో ఆపుతుంది. అది అక్కడే నిలిచిపోతుంది. ఇక్కడ తేడా రెండున్నర గ్రాములు కాదు, పదుల గ్రాములు. రీములో కాగితానికీ కాగితానికీ ఉండే హెచ్చుతగ్గులన్నీ ఆ తేడాలో సర్దుకుపోతాయి.

ఇక్కడ చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. ప్యాడ్ రెండు కాగితాలను విడదీయగలదు, పదింటిని విడదీయలేదు. మూడు కాగితాలు కలిసి ప్యాడ్ దాకా వచ్చాయనుకుంటే అట్టడుగుది ప్యాడ్‌కు పట్టుబడుతుంది, పైది రోలర్‌తో వెళ్తుంది. నడిమి దానికి పైనా కిందా కాగితమే. లాగేదీ 0.5, ఆపేదీ 0.5. అది ఎటు పోతుందో చెప్పలేం. అందుకే ప్యాడ్ కంటే ముందే కట్ట అంచును కొంచెం చెదరగొట్టాలి. ట్రే ముందు గోడను ఏటవాలుగా కట్టడం ఇందుకే. పైనుంచి జారివచ్చిన నాలుగైదు కాగితాలు ఆ వాలుకు తగిలి, మెట్లు మెట్లుగా ఒకదాని వెనుక ఒకటి నిలబడతాయి. ప్యాడ్ దగ్గరకు చేరేసరికి పోటీ రెండింటి మధ్యే ఉంటుంది. ట్రేలో గుర్తు గీత దాటేదాకా కాగితం కుక్కినప్పుడు రెండేసి రావడం ఎక్కువ కావడానికి కారణం, ఈ వాలు తన పని చేసే చోటు లేకుండా పోవడం.

కాగితాన్ని లాగే రబ్బరు రోలర్ (దీన్నే పికప్ రోలర్ అంటారు) ఆకారంలోనూ ఒక తెలివి దాగి ఉంది. చిన్న ప్రింటర్లలో అది పూర్తి గుండ్రంగా ఉండదు, ఒకవైపు కోసేసిన అర్ధచంద్రంలా ఉంటుంది. ఒక చుట్టు తిరిగేసరికి గుండ్రటి భాగం కాగితాన్ని లోపలి రోలర్ల దాకా నెట్టి, తర్వాత చదునైన వైపు కట్ట మీదికి వస్తుంది. అప్పటికి రబ్బరు కాగితాన్ని తాకడమే లేదు. కాగితం లోపలికి నడుస్తున్నంతసేపూ రోలర్ దాన్ని వెనక్కి పట్టి ఉంచకూడదు, తోక దాటాక కింది కాగితాన్ని ముట్టుకోకూడదు. ఆ రెండు అవసరాలూ ఆ ఒక్క కోతతో తీరిపోతాయి.

పెద్ద ఆఫీసు ప్రింటర్లలోనూ, జిరాక్స్ మిషన్లలోనూ ప్యాడ్ చాలదు. రోజంతా వేల కాగితాలు నడిచే చోట రాపిడికి అది తొందరగా అరిగిపోతుంది. అక్కడ ప్యాడ్ బదులు ఇంకో రోలర్ ఉంటుంది. పైనున్న ఫీడ్ రోలర్ కాగితాన్ని ముందుకు నడిపిస్తుంటే, కిందనున్న ఈ రోలర్‌ను మోటారు వెనక్కి తిప్పడానికి ప్రయత్నిస్తుంటుంది. నేరుగా కాదు, ఒక పరిమితి దాటితే జారిపోయే చిన్న క్లచ్ ద్వారా. ఆ పరిమితి రోలర్ అంచు దగ్గర 150 గ్రాములకు సమానం అనుకుందాం. రెండు రోలర్ల మధ్య ఒక్క కాగితమే ఉంటే పై రోలర్ బలం, మన పాత లెక్కలోని 240 గ్రాములు, కాగితం గుండా కింది రోలర్‌కు చేరుతుంది. 150 దాటింది కాబట్టి క్లచ్ జారుతుంది, కింది రోలర్ కూడా బుద్ధిగా ముందుకే తిరుగుతుంది. రెండు కాగితాలు దూరాయా, వాటి మధ్య జారుడు వల్ల 100 గ్రాములకు మించి కిందికి చేరదు. క్లచ్ జారదు. కింది రోలర్ వెనక్కి తిరిగి రెండో కాగితాన్ని ట్రేలోకి నెట్టేస్తుంది.

ఈ ఏర్పాటులో సెన్సర్ లేదు, ప్రోగ్రాం లేదు. మధ్యలో ఉన్నది ఒకటా రెండా అన్న ప్రశ్నకు ఘర్షణే జవాబు చెబుతుంది, ఆ జవాబును బట్టి రోలరే దిశ మార్చుకుంటుంది. ప్రింటర్ మొత్తంలో ఇంతకన్నా మెచ్చుకోదగ్గ భాగం లేదనిపిస్తుంది. ఆపడం ఒక్కటే కాకుండా, వచ్చినదాన్ని వెనక్కి పంపడం ప్యాడ్‌కు సాధ్యం కాని పని. ఇక ఒకేచోట రాపిడి పడకుండా రోలర్ చుట్టూ సమంగా అరుగుతుంది కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుంది కూడా.

ప్యాడ్ ఎంత కీలకమో చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది. 1998లో వచ్చిన హెచ్‌పీ లేజర్‌జెట్ 1100లో కాగితాలను దాదాపు నిలువుగా నిలబెట్టాలి. నిలువు ట్రేలో కాగితం బరువే దాన్ని లోపలికి తోస్తుంటుంది, అంటే రెండో కాగితం కూడా రావడానికి సిద్ధంగా కూర్చున్నట్టే. వాడకంలో ప్యాడ్ పట్టు తగ్గేసరికి రెండు మూడు కాగితాలు కలిసి రావడం మొదలైంది. ఆ ప్యాడ్‌ను సరిచేసుకునే కిట్‌ను ప్రింటర్ కొన్నవాళ్లకు కంపెనీ ఉచితంగా ఇచ్చింది. మిగతా మిషన్ అంతా బాగున్నా, వేలిగోరంత మేర పట్టు సడలితే ఏమవుతుందో అందులో కనిపించింది. ఇళ్లలో వాడే ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో వెనకాల నిలబెట్టే ట్రేలకూ ఇదే ఇబ్బంది ఉంటుంది. వాటిలో ప్రతి కాగితం వెళ్లాక కట్టను రోలర్ నుంచి వెనక్కి దించే పలక, ముందుకు జారిన అంచులను మళ్లీ పైకి నెట్టే చిన్న మీటలు పెడతారు. తెరిచి ఉన్న ఆ ట్రేలో పెన్ను మూతో, జెమ్ క్లిప్పో పడితే అది సరిగ్గా ఆ మీటల దగ్గరే చిక్కుకుంటుంది. కాగితం వంకరగా పోతోందంటే ముందు టార్చి వేసి ఆ సందులోకి చూడాలి.

విడదీయడమే ఇంత తలనొప్పి అయితే, అసలు విడదీయాల్సిన పనే లేకుండా చేస్తే? డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు చేసింది అదే. కాగితమంతా ఒకటే పొడవాటి పట్టీ, మడతలు మడతలుగా పెట్టెలో ఉంటుంది. రెండు అంచుల్లో అర అంగుళానికి ఒక రంధ్రం. పళ్ల చక్రం ఆ రంధ్రాల్లో పడి పట్టీని లాగుతుంది. ఘర్షణతో పనే లేదు, జారడమూ లేదు, వంకర పోవడమూ లేదు. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లలో ముందే అచ్చువేసిన టికెట్ల పట్టీ ఇలాగే నడుస్తుంది. దుమ్ము, ఉక్క, గంటల తరబడి ఆగని క్యూ ఉన్నచోట ఈ పాత పద్ధతి ఇంతకాలం నిలబడటానికి దీని నమ్మకమే పెద్ద కారణం. అయితే ఎవరికి కావలసిన కాగితం వారు పెట్టుకునే వీలు దీనిలో లేదు. లెటర్‌హెడ్, స్టాంప్ పేపర్, రెండువైపులా ప్రింటు, ఇవన్నీ విడి కాగితాలనే అడుగుతాయి.

అచ్చు ప్రెస్సుల్లో మాత్రం విడి కాగితాల సమస్యకు రబ్బరుతో కాక గాలితో జవాబు వెతికారు. పూర్వం ట్రెడిల్ అనే చిన్న అచ్చు మిషన్ దగ్గర నిలబడిన మనిషి ఒక చేత్తో కాగితం పెడుతూ, ఇంకో చేత్తో అచ్చయినది తీస్తూ ఉండేవాడు. తెలుగునాట పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చాలా ఏళ్లు అలాగే అచ్చయ్యాయి. 1914లో జర్మనీలో వెలుగుచూసిన హైడెల్‌బర్గ్ ప్లాటెన్ అనే అచ్చు మిషన్ ఆ రెండు చేతుల పనినీ మిషన్‌కే అప్పగించింది. కట్ట అంచుకు గాలి ఊది పై కాగితాలను వదులు చేస్తారు. గాలి పీల్చే చిన్న గొట్టాలు పై కాగితాన్ని అంటుకుని పైకెత్తుతాయి. గిర్రున తిరుగుతూ కాగితాన్ని పట్టుకునే రెండు ఇనుప చేతులు దాన్ని అందుకుని అచ్చు మీదికి తీసుకెళ్తాయి. గంటకు 5 వేల ప్రతుల దాకా లాగిన ఆ మిషన్లు మన దగ్గరి ప్రెస్సుల్లో ఇప్పటికీ నంబరింగుకూ, కార్డుల కటింగుకూ కనిపిస్తాయి.

గాలి పద్ధతి గొప్పతనం ఏమిటంటే, అది కాగితాన్ని పక్కకు లాగదు, పైకి లేపుతుంది. పక్కకు లాగితే రెండో కాగితం మీద ఘర్షణ పడుతుంది. పైకి లేపితే పడదు. ఊదిన గాలి రెండింటి మధ్య చేరి ఉంటే రెండోది అక్కడే ఉండిపోతుంది. ఇవాళ్టి పెద్ద ఆఫ్‌సెట్ మిషన్లు గంటకు 18 వేల కాగితాలు నడుపుతాయి, సెకనుకు ఐదు. ఆ వేగంలో ఒక్కో కాగితం పూర్తిగా వెళ్లేదాకా రెండోది ఆగితే కుదరదు. అందుకే కాగితాన్ని వెనుక అంచు దగ్గర ఎత్తి, దాని తోక కిందికి తర్వాతిదాని తలను దూర్చి, పొలుసుల్లా ఒకదానిపై ఒకటి వేసి నడిపిస్తారు. ఇంత మంచి పద్ధతి ఇంటి ప్రింటర్‌లోకి ఎందుకు రాలేదంటే పంపు కావాలి, పంపుకు చోటు, కరెంటు, డబ్బు కావాలి, పైగా రొద. చాలా ఖరీదైన డిజిటల్ ప్రెస్సులు, పెద్ద ట్రేల కాపియర్లు మాత్రం గాలినే వాడతాయి. నున్నటి ఆర్ట్ పేపర్ అక్కడ బాగా నడుస్తుంది. రబ్బరుతో అయితే ఆ కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఏడిపిస్తాయి.

ఇప్పటిదాకా మిషన్ గురించి. సగం కథ కాగితంలో ఉంది. రాజమహేంద్రవరంలోనూ, భద్రాచలం దగ్గర సారపాకలోనూ, కాగజ్‌నగర్‌లోనూ ఉన్న మిల్లుల్లో సుబాబుల్, జామాయిల్, సరుగుడు కర్ర గుజ్జుగా మారి, జల్లెడ మీద పరుగెత్తుతూ కాగితమవుతుంది. ఆ పరుగులో పీచు ఎక్కువగా మిషన్ నడిచే దిశలోనే పడుకుంటుంది. అందువల్ల ఆ దిశలో కాగితం బిగువుగా, అడ్డదిశలో మెత్తగా ఉంటుంది. ప్రింటర్ కోసం కోసే ఏ4లో ఆ బిగువు దిశ మామూలుగా పొడుగు అంచు వెంట ఉండేలా చూస్తారు. కాగితం పొట్టి అంచు ముందుగా లోపలికి పోతుంది కాబట్టి, వెనక నుంచి రోలర్ తోసినప్పుడు మడతపడకుండా నిలబడే బలం దానికి అలా వస్తుంది. పెద్ద ఠావును అడ్డంగా కోసి ఏ4 చేసుకుంటే డబ్బు ఆదా కావచ్చు, కానీ పీచు అడ్డంగా పడితే ఆ కాగితం మలుపుల దగ్గర మొరాయిస్తుంది.

మిల్లు నుంచి వచ్చే కాగితంలో తేమ 5 శాతం ప్రాంతంలో ఉంటుంది. రీము రేపర్ లోపలి పూత ఉన్నది ఆ తేమను అలాగే కాపాడటానికి. రేపర్ చింపి, సగం వాడి, మిగతాది బల్ల మీద వదిలేస్తే విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో రెండు రోజులు చాలు. కట్ట అంచులు తేమ పీల్చి వ్యాకోచిస్తాయి, మధ్య భాగం అలాగే ఉంటుంది. దాంతో అంచులు అలలుగా లేస్తాయి. ఆ అలలో పడ్డ రోలర్ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ పట్టుకుని కాగితాన్ని వంకరగా లాగుతుంది. ఎండాకాలం ఏసీ గదిలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఎండిపోయిన కాగితాల్లో స్థిరవిద్యుత్తు నిలిచి రెండేసి అంటుకుంటాయి. ఒకవైపు ప్రింటయిన కాగితాన్ని తిప్పి మళ్లీ ట్రేలో పెట్టినప్పుడు జామ్‌లు ఎక్కువ కావడం కూడా ఇందుకే. ఫ్యూజర్ వేడికి తేమ పోయి, కాగితం ఒకవైపు చుట్టుకుపోయి, విద్యుదావేశం పట్టి ఉంటుంది. రేపర్ మీద బాణం గుర్తు వేసి ముందు ఈ వైపు ప్రింట్ చేయమని రాసేది ఆ చుట్టుకునే గుణాన్ని బట్టే. ఆ బాణాన్ని చూసి పెట్టేవాళ్లు చాలా తక్కువ, చూస్తే ఫలితం ఉంటుంది.

కట్టను ట్రేలో పెట్టే ముందు అంచులు వేళ్లతో జారవిడిచి గాలి ఆడనివ్వడం కూడా ఉత్తి అలవాటు కాదు. మొండిబారిన కోత బ్లేడు అంచుల్లో పీచును నలిపి, పక్కపక్క కాగితాలను ఒకదానికొకటి అంటిస్తుంది. గాలి ఆడిస్తే ఆ అంటు విడిపోతుంది. అయితే ఆ తర్వాత కట్టను బల్ల మీద తట్టి నాలుగు అంచులూ సమం చేయాలి. ఆ పని వదిలేస్తే విడదీసిన లాభం పోయి వంకర నష్టం వస్తుంది. ట్రే పక్కనున్న గైడ్లు కాగితాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. బిగిస్తే కట్ట మధ్యలో ఉబ్బుతుంది, వదిలేస్తే వాలుతుంది.

ఇక టైమింగ్. నిమిషానికి 20 పేజీల ప్రింటర్‌లో ఒక్కో కాగితానికి 3 సెకన్లు. ఈలోపు కాగితం ఎప్పుడు ఎక్కడ ఉండాలో మిషన్‌కు ముందే లెక్క ఉంటుంది. దారిలో చిన్న ప్లాస్టిక్ మీట ఉంటుంది. కాగితం తల తగలగానే అది వంగి, వెనకాల సెన్సర్‌కు కబురు పంపుతుంది. రోలర్ అరిగి కాస్త జారితే కాగితం ఆలస్యంగా వస్తుంది. అది నలగకపోయినా, ఎక్కడా ఇరుక్కోకపోయినా స్క్రీన్ మీద జామ్ అనే వస్తుంది. తలుపు తెరిస్తే నిటారుగా, శుభ్రంగా ఉన్న కాగితం కనిపించి జనం తికమకపడేది ఇలాంటప్పుడే. అది జామ్ కాదు, ఆలస్యం. ఆ మీట దాటాక కాగితం తల ఆగి ఉన్న రెండు రోలర్ల సందుకు ఆనుతుంది. వెనక నుంచి తోపు వస్తున్నా ముందుకు పోలేక కొంచెం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుతోనే తల అంచంతా రోలర్లకు సమంగా ఆని వంకర సరవుతుంది. అప్పుడు రోలర్లు కదిలి కాగితాన్ని డ్రమ్ము దగ్గరకు పంపుతాయి. పైన మార్జిన్ ప్రతి పేజీకి ఒకేలా రావడం ఈ క్షణంపాటు ఆగడం వల్లే.

ప్రింటర్ రెండు కాగితాలు లాగితే ఒక కాగితం వృథా. ఏటీఎం రెండు నోట్లు లాగితే బ్యాంకుకు నష్టం. అందుకే అక్కడ విడదీయడాన్ని మాత్రమే నమ్ముకోరు. కొన్ని మిషన్లు రబ్బరుతో, కొన్ని గాలి పీల్పుతో నోటును తీస్తాయి, ఆ తర్వాత ప్రతి నోటు మందాన్నీ కొలుస్తాయి. రెండు కలిసి వచ్చాయని అనుమానం వస్తే వాటిని కస్టమర్‌కు ఇవ్వకుండా లోపలే వేరే పెట్టెలో పడేసి మళ్లీ తీస్తాయి. నోటు కొలతకు, ఏటీఎం లోపల నోట్లు పెట్టే క్యాసెట్ ఎంత గట్టిగా కట్టుబడి ఉంటుందో 2016 నవంబరు 8 తర్వాత దేశమంతటికీ తెలిసొచ్చింది. రద్దయిన వెయ్యి నోటు 177 మిల్లీమీటర్ల పొడవు, 73 వెడల్పు. కొత్త రెండు వేల నోటు 166, 66. కొత్త 500 నోటు 150, 66. గైడ్లు జరపాలి, సాఫ్ట్‌వేర్‌కు కొత్త కొలతలు చెప్పాలి. దాదాపు 2 లక్షల ఏటీఎంల దగ్గరకు మనుషులు వెళ్లి ఒక్కోదాన్నీ సరిచేయాల్సి వచ్చింది. నగదు కొరతకు ఇది కూడా తోడై జనం గంటలకొద్దీ లైన్లలో నిలబడ్డారు. అచ్చువేసే ముందే ఈ సంగతి ఆలోచించి ఉండాల్సింది. కొలత మార్చడం కాగితం మీద చిన్న నిర్ణయమే, క్యాసెట్ దగ్గరికొచ్చేసరికి అది లక్షల మంది కష్టమైంది.

ఆఫీసుల్లో కట్టలకొద్దీ పత్రాలు చదివే స్కానర్లు ఇంకో తెలివి వాడతాయి. కాగితానికి ఒకవైపు నుంచి అల్ట్రాసౌండ్ పంపి, రెండోవైపు ఎంత చేరిందో చూస్తాయి. ఒక్క కాగితమైతే కొంత శబ్దం దాటుతుంది. రెండైతే వాటి మధ్య చిక్కిన పల్చటి గాలి పొర వల్ల దాటేది బాగా పడిపోతుంది. మందం ఎంతైనా సరే, మధ్యలో గాలి ఉందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న. కవరునో, ఫొటో అంటించిన దరఖాస్తునో పెడితే అందుకే మిషన్ అడ్డం తిరుగుతుంది. మామూలు ప్రింటర్లలో ఇలాంటి కాపలా ఏదీ ఉండదు. ప్యాడ్ పట్టు ఎంతో, ప్రింటర్ నమ్మకం అంతే.

ఆ పట్టు ఎందుకు పోతుంది? కాగితంలో పీచుతో పాటు తెల్లదనం కోసం కలిపే కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. ప్రతి కాగితం నుంచీ ఆ పొడి కొంచెం రాలి రబ్బరు రంధ్రాల్లో నిండి, దాన్ని నున్నగా చేస్తుంది. అదీకాక రబ్బరు వయసుతో గట్టిపడుతుంది. కొత్త రోలర్ మీద గోరు నొక్కితే మెత్తగా దిగుతుంది, ముదిరినదాని మీద జారిపోతుంది, పైగా మెరుస్తూ కనిపిస్తుంది. పొడి పట్టిన రోలర్‌ను నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే తేరుకుంటుంది. గట్టిపడిందాన్ని ఏం చేసినా కొద్దిరోజులే. గరుకు కాగితంతో రుద్దితే పైపొర పోయి కాసేపు పట్టు వస్తుంది కానీ గుండ్రం చెడుతుంది. పెట్రోలుతో తుడవడం మాత్రం అస్సలు చేయకూడదు, రబ్బరు ఉబ్బి పగుళ్లిస్తుంది.

రెండు లక్షణాలను విడివిడిగా గుర్తించకపోతే చాలా డబ్బు వృథా అవుతుంది. కాగితం తీసుకోవడమే లేదంటే, రోలర్ తిరుగుతున్న చప్పుడు వచ్చి ఆగిపోతుందంటే, పోయింది రోలర్ పట్టు. రెండేసి, మూడేసి వస్తున్నాయంటే పోయింది ప్యాడ్ పట్టు, లేదా కాగితం తేమ పట్టింది. తేల్చుకోవడానికి ఒక్క కాగితమే ట్రేలో పెట్టి ప్రింట్ ఇచ్చి చూడాలి. అది కూడా లోపలికి పోకపోతే రోలరే. ఒక్కటి చక్కగా పోయి, కట్ట పెడితే రెండేసి వస్తే, రేపర్ విప్పని రీములోంచి కొన్ని తీసి పెట్టి చూడాలి. వాటితోనూ అంతే అయితే ప్యాడ్. ఈ రెండు భాగాలనూ చేత్తో ఊడదీసి మార్చుకునేలా ప్రతి ప్రింటర్‌నూ తయారు చేయాలి. కొన్ని మోడళ్లలో ప్యాడ్ దాకా చేరడానికే మిషన్ సగం విప్పాల్సి వస్తుంది. మెకానిక్ కూలి కొత్త ప్రింటర్ ధరలో పెద్ద వాటా అడిగే సరికి, డ్రమ్మూ లేజరూ బాగున్న మిషన్ చెత్తకు పోతోంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో ప్రింటర్లు కూడా ఉన్నాయి, కానీ అవి పారేశాక ఏం చేయాలో చెబుతాయి. ఊడదీసే వీలున్న ప్యాడ్ అయితే అసలు పారేయాల్సిన అవసరమే రాదు.

మార్చేటప్పుడు రోలర్ ఒక్కటే మార్చి ప్యాడ్‌ను అలాగే ఉంచితే కొత్త చిక్కు వస్తుంది. కొత్త రబ్బరు మొదటి కాగితాన్ని బాగా పట్టుకుంటుంది, ప్యాడ్ దాకా కాగితాలు జోరుగా చేరతాయి. అరిగిన ప్యాడ్ పట్టు అప్పటికే కాగితం 0.5 దగ్గరికి దిగజారి ఉంటుంది. అంతవరకు ఒక్కటీ తీసుకోని ప్రింటర్ ఆ సాయంత్రం నుంచి రెండేసి లాగుతుంది. విడిభాగాల షాపుల్లో రోలర్, ప్యాడ్ కలిపి సెట్టుగా అమ్మేది ఇందుకే, రెండూ ఒకేసారి మార్చాలి.